ప్రిపరేషన్ లేకుండా గెలిచిన నీళ్లవాడు: నిజంగా లేకుండానేనా?

పోయిన నెల నుంచి కామెంట్లలో ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నారు. "అన్నా, ఫ్రెండ్స్ అంటే హాఫ్ మారథాన్‌కి డబ్బులు కట్టేశాను. ఇంకా 3 వారాలే ఉంది. ఇప్పటిదాకా బస్సు కోసం తప్ప పరిగెత్తింది లేదు. అయిపోతుందంటావా?" దాని కింద ఇంకొకాయన ధైర్యం చెప్పాడు: "మొదటి ఒలింపిక్స్ మారథాన్ గెలిచినోడు నీళ్లు అమ్ముకునేవాడు బ్రో. ట్రైనింగూ లేదు గీనింగూ లేదు. దారిలో ఆగి వైన్ తాగి మరీ గెలిచాడు. నువ్వు టెన్షన్ తీసుకోకు." ఆ రిప్లైకి బోలెడు లైకులు.

ఇది ఫిట్‌నెస్ ఛానెల్ కాదు, నేను కోచ్‌నీ కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చుని చరిత్ర చెప్పుకుంటున్నవాణ్ణి. కానీ ఆ రిప్లైలో ఉన్నది చరిత్ర, కాబట్టి అది నా డిపార్ట్‌మెంటే. అందులో నీళ్లు నిజం. వైన్ కూడా నిజమే అంటారు. "ట్రైనింగ్ లేదు" అన్న ముక్కే తేడా. ఆ ఒక్క ముక్క నమ్మి రోడ్డెక్కితే హాస్పిటల్ దాకా పోవచ్చు, అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఆ పేరు సంగతి. మారథాన్ అనేది పరుగు పేరు కాదు, ఊరి పేరు. గ్రీస్‌లో ఏథెన్స్‌కి ఈశాన్యంగా సముద్రం పక్కన ఉంటుంది. క్రీ.పూ. 490లో అక్కడ ఏథెన్స్ వాళ్లకీ పర్షియన్లకీ యుద్ధం జరిగింది, ఏథెన్స్ గెలిచింది. ఆ గెలుపు కబురు చెప్పడానికి ఒకడు ఏథెన్స్ దాకా పరిగెత్తి, "గెలిచాం" అని చెప్పి, అక్కడే పడి చనిపోయాడని మనందరం స్కూల్లో విన్నాం. కానీ ఆ యుద్ధం గురించి మనకున్న ముఖ్యమైన పుస్తకం హెరొడోటస్ రాసింది. అందులో ఈ సీన్ లేనే లేదు! అందులో ఉన్నది ఫిడిప్పిడిస్ అనే మనిషి, యుద్ధానికి ముందు, సహాయం అడగడానికి ఏథెన్స్ నుంచి స్పార్టాకి పరిగెత్తడం. సుమారు 240 కిలోమీటర్లు. మర్నాటికల్లా చేరాడని రాశాడు. పడి చచ్చిపోయే సీన్ కొన్ని వందల ఏళ్ల తర్వాతి రచయితలు చేర్చింది.

ఇక్కడ నాకు నచ్చిన డీటెయిల్ ఇంకొకటి ఉంది. హెరొడోటస్ ఆ మనిషిని ఉత్త సైనికుడు అనలేదు. రోజంతా పరిగెత్తేవాడు అనే అర్థం వచ్చే ఒక మాట వాడాడు, అది ఆయన వృత్తి. మన దగ్గర కూడా ఒకప్పుడు తపాలా సంచి భుజాన వేసుకుని, చిరుగంటలు కట్టిన కర్ర పట్టుకుని ఊరి నుంచి ఊరికి పరిగెత్తే రన్నర్లు ఉండేవాళ్లు కదా, అలాంటి ఉద్యోగం అన్నమాట. (బ్లాగులో రాసేదాన్ని టపా అంటాం చూడండి, ఆ మాట ఈ తపాలా సంచిలోంచి వచ్చిందే.) అంటే పురాణంలాంటి ఆ మొదటి మారథాన్ వీరుడే ప్రొఫెషనల్. ఆదివారం పొద్దున లేచి "చూద్దాం, ఎంత దూరం పోతానో" అని బయల్దేరినవాడు కాదు.

ఇప్పుడు 1896కి వద్దాం. ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్. మిషెల్ బ్రెయాల్ అని ఒక ఫ్రెంచ్ భాషా శాస్త్రవేత్త, మారథాన్ నుంచి ఏథెన్స్‌కి పరుగు పెడదాం, గెలిచినవాడికి నా తరఫున వెండి కప్పు ఇస్తాను అన్నాడు. పురాతన ఒలింపిక్స్‌లో ఇంత దూరం పరుగు ఎప్పుడూ లేదు. అంటే ఇది కొత్తగా కనిపెట్టిన పోటీ. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఇప్పుడున్న 42.195 అప్పటికి పుట్టలేదు.

లైన్‌లో నిలబడింది 17 మంది. 13 మంది గ్రీకులు, నలుగురు బయటివాళ్లు. ఆ నలుగురి ప్రొఫైల్ చూడండి.

ఎడ్విన్ ఫ్లాక్, ఆస్ట్రేలియా. లండన్‌లో అకౌంటెంట్‌గా పనిచేస్తూ సెలవు పెట్టి వచ్చినవాడు. ఏప్రిల్ 7న 1500 మీటర్లు గెలిచాడు. ఏప్రిల్ 9న 800 మీటర్లు గెలిచాడు. మారథాన్ ఏప్రిల్ 10న. మధ్యలో టెన్నిస్ కూడా ఆడాడు. రెండు పోటీలు గెలిచి, మర్నాడే జీవితంలో ఎప్పుడూ పరిగెత్తని దూరానికి నిలబడ్డాడు. ఆర్థర్ బ్లేక్, అమెరికా, 1500 మీటర్లలో రెండోవాడు. అల్బాన్ లెర్ముజియో, ఫ్రాన్స్, 1500 మీటర్లలో మూడోవాడు. చూశారా, 1500 మీటర్ల పోడియం మొత్తం ఇటు వచ్చేసింది. ప్రపంచంలో వేగంగా పరిగెత్తగలం అని మూడు రోజుల కిందటే నిరూపించుకున్నవాళ్లు. నాలుగోవాడు గ్యూలా కెల్నర్, హంగరీ. ఈయనకి మెడల్ లేదు, పేరు లేదు. నలుగురిలో ఇంత దూరం అంతకుముందు పరిగెత్తిన అనుభవం ఉన్నది ఈయన ఒక్కడికే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మరి మన నీళ్లాయన? స్పిరిడాన్ లూయిస్. ఏథెన్స్ పక్కన మారూసి అనే ఊరు. వాళ్ల నాన్న అక్కడి నీళ్లు ఏథెన్స్‌లో అమ్మేవాడు. కొడుకు ఆ నీళ్లు చేరవేయడంలో సాయం చేసేవాడు. అప్పటికి ఏథెన్స్‌లో ఇంటింటికీ కుళాయిలు లేవు కాబట్టి ఆ వ్యాపారం నడిచేది. మారూసి నుంచి ఏథెన్స్ పది కిలోమీటర్ల పైనే. రానూ పోనూ కలిపి లెక్కేయండి, మన హాఫ్ మారథాన్ వచ్చేస్తుంది! కంచర గాడిద పక్కనే నడిచీ పరిగెత్తీ వెళ్లేవాడంటారు. మనం ట్రైనింగ్ అని పేరు పెట్టి, యాప్‌లో రికార్డ్ చేసి, స్టేటస్ పెట్టుకునే దూరం ఆయనకి పొట్టకూటి పని. దాన్ని ఎవరూ ట్రైనింగ్ అని రాయలేదు, అందుకే "ట్రైనింగ్ లేదు" అని మనకి అందింది.

అంతే కాదు. గ్రీకులు ఈ పోటీని చాలా సీరియస్‌గా తీసుకున్నారు. ఒలింపిక్స్‌కి ముందు మార్చిలోనే, అదే దారిలో, రెండు సెలక్షన్ పరుగులు పెట్టారు. రెండో దాంట్లో లూయిస్ పరిగెత్తి 5వ స్థానంలో వచ్చాడు. టైమ్ 3 గంటల 18 నిమిషాల చిల్లర. అంటే ఒలింపిక్స్ రోజుకి ఆ దారిలో ఎక్కడ ఎత్తు ఉందో, ఎక్కడ పల్లం ఉందో, ఎక్కడ కాళ్లు లాగుతాయో ఆయనకి తెలుసు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌కి ముందు అదే సర్వర్ మీద ఫుల్ టెస్ట్ రన్ అయిపోయింది. ఫ్లాక్‌వాళ్లేమో వేరే సిస్టమ్‌లో బాగా నడిచిన కోడ్‌ని నేరుగా లైవ్‌లో పెట్టారు.

మధ్యాహ్నం 2 గంటలకి పరుగు మొదలైంది. ఫ్రెంచ్ ఆయన లెర్ముజియో దూసుకుపోయాడు. వెనక ఫ్లాక్, బ్లేక్. దాదాపు సగం దారిలో పికెర్మి అనే ఊరు వస్తుంది. అక్కడ నిలబడి చూస్తే విదేశీయులే ముందు, గ్రీకులు వెనక. ఈ పోటీ హాఫ్ మారథాన్ అయి ఉంటే ఫ్రాన్స్‌కి మెడల్. తర్వాత ఒక ఊళ్లో అయితే జనం లెర్ముజియోకి విజేత కిరీటం కూడా పెట్టేశారు, ఇంకా బోలెడు దూరం ఉండగానే! లూయిస్ పికెర్మిలో ఆగి, ఒక గ్లాసు వైన్ తాగి, ముందువాళ్లు ఎంత దూరంలో ఉన్నారని అడిగి, పట్టేస్తాను అన్నాడంటారు. వైన్ కాదు కోన్యాక్ అని వాళ్ల ఇంట్లోవాళ్ల మాట ఒకటి ఉంది. ఏదైనా కానివ్వండి, ఆ కథలో అందరూ గ్లాసునే పట్టుకున్నారు. నాకు ముఖ్యం అనిపించేది ఆయన ఆగడం. సగం దారిలో వెనకబడి ఉన్నా కంగారు పడకుండా ఆగాడంటే, మిగతా సగం ఎలా ఉంటుందో ఆయనకి ముందే తెలుసు.

ఆ దారి ఎలా ఉంటుందో చెప్పాలి. ఏథెన్స్‌లో ఇప్పటికీ ఏటా మారథాన్ దాదాపు ఆ దారిలోనే పెడతారు. మొదటి పది కిలోమీటర్లు సుఖంగా ఉంటుంది. అక్కడి నుంచి 30 దాటేదాకా ఎక్కువ భాగం ఎక్కుడే. అంటే సుఖంగా ఉన్నచోట డబ్బంతా ఖర్చు పెట్టేసినవాడికి ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి జేబు ఖాళీ.

బ్లేక్ 23 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. లెర్ముజియో 32 దగ్గర. ఇప్పుడు ఫ్లాక్ ముందున్నాడు. సైకిల్ మీద వెళ్లినవాళ్లు స్టేడియంలో ఆ కబురు చెబితే గ్రీకుల మొహాలు వాడిపోయాయి. కానీ లూయిస్ వచ్చి ఫ్లాక్‌ని పట్టుకున్నాడు, కాసేపు ఇద్దరూ పక్కపక్కనే, తర్వాత దాటేశాడు. ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లలో స్టేడియం ఉందనగా ఫ్లాక్ కూలిపోయాడు. పడిపోతున్నవాణ్ణి పట్టుకోబోయిన ఒక మనిషిని, ఒళ్లు తెలియని స్థితిలో, గుద్దాడట. రెండు పోటీలు గెలిచిన మనిషి!

లూయిస్ 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో స్టేడియంలోకి వచ్చాడు. సెలక్షన్ టైమ్ కంటే 20 నిమిషాలు తక్కువ. ఇద్దరు గ్రీకు రాకుమారులు చివర్లో ఆయన పక్కన పరిగెత్తారు. రెండోవాడు వసిలాకోస్, మొదటి సెలక్షన్ గెలిచినవాడు. మూడోవాడు బెలోకాస్ అన్నారు కానీ, మధ్యలో బండెక్కాడని తేలి తీసేశారు. ఆ మూడో స్థానం ఎవరికి వచ్చిందో తెలుసా? కెల్నర్‌కి. నలుగురు విదేశీయుల్లో పరుగు పూర్తి చేసింది ఆయనొక్కడే.

అందుకే ఆ కామెంట్ తలకిందులుగా ఉంది అంటున్నాను. ఆ రోజు ప్రిపరేషన్ లేనివాళ్లు గెలవలేదు. ప్రిపరేషన్ లేనివాళ్లు ఛాంపియన్లు. ఫిట్‌గా ఉన్నవాళ్లు, కుర్రాళ్లు, మెడల్స్ ఉన్నవాళ్లు. చూడ్డానికి ఏమీ లేనివాడిలా ఉన్న లూయిస్ కాళ్లలో ఏళ్ల తరబడి నడిచిన రోడ్డు ఉంది.

ఇది నేను పుస్తకంలో చదవకముందే కళ్లారా చూశాను. జాబ్‌లో ఉన్నప్పుడు ఆఫీసువాళ్లు 21కేకి ఫీజు కట్టారు, మా టీమ్ నుంచి ఐదుగురం వెళ్లాం. నాకు నెల రోజుల టైమ్ ఉంది, అంతకుముందు పరిగెత్తిన అతి పెద్ద దూరం 9 కిలోమీటర్లు. నా స్పీడ్ మీద నాకు ఎలాంటి భ్రమలూ లేవు కాబట్టి మొదటి నుంచీ ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. మా టీమ్‌లో ఒకడు కంపెనీ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్. జిమ్, ప్రొటీన్ షేక్, అన్నీ ఉన్నాయి. రోడ్డు మీద మాత్రం ఒక్క రోజూ దిగలేదు. తుపాకీ పేలగానే వెళ్లిపోయాడు. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, కార్‌లో పోతే తెలీదు, కాళ్లతో ఎక్కితే తెలుస్తుంది. 15వ కిలోమీటరు దాటాక ఫుట్‌పాత్ మీద కూర్చుని కనిపించాడు.

"ఏరా, ఏమైంది?" అన్నాను.

"ఏం లేదురా. టీ బ్రేక్ ఎప్పుడు?" అన్నాడు.

జోక్ అనుకుని నవ్వాను. రెండు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి అడిగేసరికి నాకు చెమట చల్లబడింది. వాడి ఒళ్లు పెనంలా కాలుతోంది. వాలంటీర్లని పిలిస్తే ఐస్ తెచ్చి మెడ మీద, చంకల్లో పెట్టారు, అంబులెన్స్ వచ్చింది. సాయంత్రానికి బాగానే ఉన్నాడు, ఇప్పటికీ బౌలింగ్ వేస్తున్నాడు. కానీ మధ్యలో ఒక గంట ఏం జరిగిందో వాడికి ఈరోజుకీ గుర్తులేదు. తర్వాత ఫ్లాక్ గుద్దిన కథ చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటితే మొదట దెబ్బతినేవాటిలో మెదడు ఒకటి. పొంతన లేని మాటలు, చిరాకు, తూలడం, ఇవి వడదెబ్బ గుర్తులు. అలసట అనుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అని పక్కవాళ్లు ఎంకరేజ్ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎండ లేకపోయినా గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. విశాఖలోనో చెన్నైలోనో పరిగెత్తేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

సరే, ప్రిపేర్ అయితే చాలా మరి? ఇక్కడ 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ గురించి చెప్పకపోతే కథ మరీ తేలిగ్గా అయిపోతుంది. అమెరికాలో ఆగస్టు 30, మధ్యాహ్నం 3 గంటలకి మొదలుపెట్టారు. 32 డిగ్రీల ఎండ. మట్టి రోడ్డు, ముందు వెళ్లే కార్ల దుమ్ము మొత్తం రన్నర్ల ముక్కుల్లోకే. దారి మొత్తానికి నీళ్లు దొరికే చోట్లు దాదాపు లేవు. పోటీ నడిపిన జేమ్స్ సలివన్‌కి, నీళ్లు తక్కువ ఇస్తే మనిషి ఎలా పరిగెత్తుతాడో చూడాలని సరదా కూడా ఉందట. 32 మంది మొదలుపెట్టారు, 14 మంది పూర్తి చేశారు. బోస్టన్ మారథాన్ గెలిచినవాళ్లు ముగ్గురు అందులో ఉన్నారు. ముగ్గురూ మధ్యలో ఆగిపోయారు. అంటే ఆ రోజు అనుభవం కూడా ఎండ ముందు ఓడిపోయింది.

గెలిచినవాడు థామస్ హిక్స్, 3 గంటల 28 నిమిషాల 53 సెకన్లు. ఆయనకి దారిలో ఇచ్చింది ఏంటంటే స్ట్రిక్నిన్, గుడ్డు తెల్లసొన, బ్రాందీ. స్ట్రిక్నిన్ అంటే ఎలకల మందులో వాడిన విషం. అప్పట్లో కొద్దికొద్దిగా ఇస్తే హుషారు వస్తుందని నమ్మకం. ఆ రోజు ఇంకో డోసు పడి ఉంటే మనం ఇంకో రకమైన చరిత్ర చెప్పుకునేవాళ్లం.

అందులో నాకు ఇష్టమైనవాడు నాలుగో స్థానంలో వచ్చిన ఫెలిక్స్ కార్వహాల్. క్యూబాలో పోస్ట్‌మ్యాన్. చందాలు పోగేసుకుని బయల్దేరి, దారిలో న్యూ ఓర్లీన్స్‌లో జూదంలో పోగొట్టుకుని, లిఫ్టులు అడుక్కుంటూ చేరాడంటారు. మామూలు ప్యాంటు, చొక్కా, నడకకి వేసుకునే బూట్లు. ఎవరో జాలిపడి ప్యాంటు మోకాళ్ల దగ్గర కత్తిరించారు. దారిలో తోటలో పళ్లు తిని, కడుపు పట్టేసి, కాసేపు పడుకుని లేచి కూడా నాలుగోవాడయ్యాడు! ఈయన్ని కూడా రీల్స్‌లో "జీరో ప్రిపరేషన్ లెజెండ్" అని చూపిస్తారు. బాబూ, ఆయన ఉద్యోగమే ఉత్తరాలు పంచడం. బట్టలు లేవు, డబ్బు లేదు, నిజమే. కాళ్లు మాత్రం ఉన్నాయి. అదే పోటీలో దక్షిణాఫ్రికా నుంచి ఇద్దరు త్వానా మనుషులు, లెన్ తౌన్యానే, యాన్ మషియానీ పరిగెత్తారు. అక్కడి ఎగ్జిబిషన్‌లో బోయర్ యుద్ధం షోలో పనిచేయడానికి వచ్చినవాళ్లు. ఒలింపిక్స్‌లో నల్లజాతి ఆఫ్రికన్లు దిగడం అదే మొదలు. తౌన్యానే 9వ స్థానం, మషియానీ 12. మధ్యలో కుక్క తరిమితే తౌన్యానే దారి తప్పి మైలు దాకా పరిగెత్తాడట. అది లేకపోతే ఇంకా ముందు వచ్చేవాడే.

మనవాళ్ల కథ కూడా ఇలాంటిదే. 1919 ప్రాంతంలో పుణెలో డెక్కన్ జింఖానా పోటీలు చూస్తూ దొరాబ్జీ టాటా ఆశ్చర్యపోయాడు. పల్లెటూరి కుర్రాళ్లు చెప్పుల్లేకుండా పరిగెత్తుతున్నారు, టైములు చూస్తే యూరప్ వాళ్లకి దగ్గరగా ఉన్నాయి. అలా 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కి భారత్ నుంచి చిన్న టీమ్ వెళ్లింది. బెళగావి ప్రాంతపు ఫడెప్పా చౌగులే మారథాన్‌లో 19వ స్థానం తెచ్చాడు. ఆ ఏడాది దారి 42.75 కిలోమీటర్లు, మామూలు కంటే కూడా ఎక్కువ. వాన, చలి. ఇండియా నుంచి ఓడలో అన్ని రోజులు వెళ్లి, అలవాటు లేని చలిలో 2 గంటల 50 నిమిషాలు! ఈ పేరు మన టెక్స్ట్‌బుక్స్‌లో ఎందుకు లేదో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు మన హాఫ్ దగ్గరికి. దీనికి సొంత పురాణం లేదు, పాపం. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ని విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న బాక్స్ ముందు ముగించారు. అది 26 మైళ్ల 385 గజాలు వచ్చింది. 1921లో దాన్నే ఖాయం చేశారు. అదే 42.195. దాన్ని సగం చేస్తే 21.0975. అంతే, హాఫ్ మారథాన్ అంటే భాగహారం. దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1992లో కానీ రాలేదు. ఢిల్లీ హాఫ్ మారథాన్ 2005లో మొదలైంది.

పురాణం లేకపోవడం వల్లే ఇది మోసం చేస్తుంది. ఫుల్ మారథాన్ అంటే ఎవరికైనా భయం ఉంటుంది, హాఫ్ అంటే "సగమే కదా" అంటాం. శరీరం కూడా కొంత వరకు సహకరిస్తుంది. కండరాల్లో, కాలేయంలో మనం దాచుకున్న చక్కెర నిల్వ చాలామందికి 30 కిలోమీటర్ల అటూ ఇటూ దాకా సరిపోతుంది. లెర్ముజియో 32 దగ్గర ఆగాడని చెప్పాను కదా, ఇప్పటికీ రన్నర్లు గోడ తగిలింది అనేది ఆ చుట్టుపక్కలే. హాఫ్‌లో ఆ గోడ రాకముందే ఫినిష్ లైన్ వచ్చేస్తుంది. కాబట్టి ప్రిపరేషన్ లేకుండా పూర్తి చేసినవాళ్లు నిజంగానే బోలెడు మంది ఉంటారు. వాళ్లు పోస్ట్ పెడతారు. ఫుట్‌పాత్ మీద కూర్చుని టీ బ్రేక్ ఎప్పుడని అడిగినవాడు పోస్ట్ పెట్టడు.

కాబట్టి ఆ 3 వారాల తమ్ముడికి నా జవాబు. లూయిస్ ఏళ్ల తరబడి చేసిన నీళ్ల మోతని నువ్వు 20 రోజుల్లో తెచ్చుకోలేవు. ఊపిరి కాస్త మెరుగవుతుంది. స్నాయువులు, ఎముకలు ఆ టైమ్‌కి గట్టిపడవు, వాటికి నెలలు పడుతుంది. చివరి వారంలో కంగారుగా 18 కిలోమీటర్లు కొట్టావంటే మోకాలు పట్టుకుని ఇంట్లో కూర్చుంటావు. కుదిరితే 10కేకి మార్చుకో, చాలా చోట్ల మార్పిస్తారు. లేదు, 21 చేయాల్సిందే అంటావా, అప్పుడు నీ చేతిలో మిగిలింది ఒక్కటే, స్పీడ్. లూయిస్ కిలోమీటరుకి సుమారు నాలుగున్నర నిమిషాల్లో వెళ్లాడు. నువ్వు ఎనిమిది తీసుకో, తొమ్మిది తీసుకో. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం రొప్పకుండా మాట్లాడగలిగితే అదే నీ వేగం. అలసిపోయాక కాదు, మొదటి కిలోమీటరు నుంచే మధ్యమధ్య నడువు. దాహం వేసినప్పుడు తాగు, పందెం వేసినట్టు ప్రతి స్టాల్ దగ్గరా లీటర్లు పోసుకోకు, అది కూడా ప్రమాదమే. ఆ వారం జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నా, డాక్టర్‌ని కలవకుండా దిగకు. ఫీజు పోతే పోయింది.

స్లో అంటే సిగ్గుపడేవాళ్ల కోసం ఇంకొక మనిషి గురించి చెప్పి వెళ్తాను. 1896లోనే, స్టమాటా రెవిథి. పిరయస్‌లో ఉండే పేదరాలు, చంటిబిడ్డ తల్లి, పని వెతుక్కుంటూ ఏథెన్స్‌కి నడిచి వస్తోంది. మారథాన్ గురించి విని నేనూ పరిగెత్తుతానంది. ఆడవాళ్లని రానివ్వలేదు. మగవాళ్ల పోటీ అయిన మర్నాడు, ఏప్రిల్ 11న, ఒక్కతే బయల్దేరింది. బయల్దేరేముందు మారథాన్ ఊరి పెద్దలతో టైమ్ రాయించి సంతకాలు పెట్టించుకుంది, ఉదయం 8 గంటలు. తర్వాత ఎవరూ కాదనకూడదు కదా! ఏథెన్స్ చేరేసరికి మధ్యాహ్నం 1:30. అంటే 5 గంటల 30 నిమిషాలు. మధ్యలో ఆగి ఓడలు చూశానని కూడా చెప్పిందట. ముందు రోజు ఫ్లాక్, బ్లేక్, లెర్ముజియో పూర్తి చేయలేని దూరం మొత్తం ఆమె పూర్తి చేసింది. స్టేడియంలోకి మాత్రం వెళ్లనివ్వలేదు, బయటే ఆగింది. చేరిన టైమ్ కూడా అక్కడున్న ఆఫీసర్లతో రాయించుకుంది. ఆ తర్వాత ఆమె ఏమైందో ఏ రికార్డులోనూ లేదు.

ఈ వారానికి ఇంతే అండీ. ఉంటాను.